రెండు నదుల నడుమ రైలుదారి: రాయచూరు శ్రమ వారసత్వం (ప్రసంగ పాఠం)



వారానికి ఒక్కటే దొరికే సెలవు దినాన్ని ఈ సమావేశానికి కేటాయించిన పెద్దలకు, సోదరసోదరీమణులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నా వందనాలు. రేపు ఉదయం మనం కలిసి చేయబోయే చిన్న రైలు ప్రయాణానికి ముందు నాలుగు మాటలు చెప్పమని మా కార్యాలయ పెద్దలు నన్ను ఆదేశించారు. నేను చరిత్రకారిణిని కాను. కన్నడంలో వెలువడే పన్ను నోటీసులను, నీటి సరఫరా వేళలను, టీకాల ప్రకటనలను తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. తెలుగులో ఎం.ఏ. చదివిన నాకు ప్రబంధాల మీద మాట్లాడే అవకాశం ఈ ఊళ్ళో పెద్దగా రాలేదు గాని, కొళాయి బిల్లుల మీద మాట్లాడే అవకాశం మాత్రం రోజూ వస్తూనే ఉంది.

ఈ ప్రయాణం గురించి ప్రకటన రాసినప్పుడు ‘రైల్వే, పారిశ్రామిక వారసత్వ యాత్ర’ అని పేరు పెట్టాను. మరునాడే ఒక వృద్ధుడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. మక్తల్ వైపు మాట. “బిడ్డా, ఈ వారసత్వానికి ఏమేం కాగితాలు తేవాలె? రేషన్ కార్డు ఉంది, ఆధార్ ఉంది. మా నాయన చచ్చిపోయిన సర్టిఫికెట్ మాత్రం లేదు” అన్నాడు. తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అనుకున్నాడు పాపం. తప్పు ఆయనది కాదు. సామాన్యుడి జీవితంలో ఆ మాట వినబడేది ఆ ఒక్క సందర్భంలోనే. నేను వివరించబోయాను: “తాతా, ఇది ఆస్తి గురించి కాదు. మన ఊరి రైలు, మిల్లులు, పాత కట్టడాలు, వాటి చరిత్ర...” ఆయన కాసేపు విని, “అట్లనా. మరి ఆ గూడ్స్ షెడ్డుల నలభై ఏండ్లు మూటలు మోసినం గద. అండ్ల మాకేం లేదా?” అని అడిగాడు.

ఆయనకు ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ప్రకటనలో పదం మార్చనూ లేదు. ఈ ప్రసంగం సగం ఆయన ప్రశ్నకు బాకీ పడిన జవాబే అనుకోండి.

ప్రయాణం రైల్వే స్టేషన్‌లో మొదలుకావాలి గదా అంటారేమో. నా మాట వింటే ముందుగా కోట దగ్గరికి వెళ్ళాలి. రాయచూరు కోటగోడలో నలభై అడుగులు దాటిన పొడవుగల ఒకే ఒక రాతిపలక ఉంది. దాని మీద తెలుగు శాసనం ఉంది. శక సంవత్సరం 1216, అంటే క్రీ.శ. 1294. కాకతీయ ప్రతాపరుద్రుని కాలం. గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలుడు అనే అధికారి ఈ దుర్గాన్ని కట్టించిన సంగతి అందులో ఉంది. ఆంగ్లంలో రాసిన పాత పుస్తకాలు ఆ పేరును ‘గోరె గంగయ్య రుడ్డివారు’ అని అచ్చువేశాయి. ఇప్పటికీ అనేక చోట్ల ఆ రూపమే తిరుగుతోంది. ‘గన్నయరెడ్డి వారు’ ఎవరో లిపి చదివేటప్పుడు ‘గంగయ్య రుడ్డివారు’ అయిపోయారు. నా వంటి అనువాదకులు వినయంగా ఉండవలసిన కారణాల్లో ఇది ఒకటి.

అయితే మనకు కావలసింది ఆ అక్షరాలు కాదు, వాటితోపాటు చెక్కిన బొమ్మ. అంత పెద్ద బండను కొండ నుంచి కోటదాకా తెచ్చిన తీరును ఆ శిల్పి గీతలతో చూపించాడు. బండి మీద బండ. బండికి కట్టిన దున్నపోతుల బారు. చక్రాల వెనుక మీటలు పెట్టి తోస్తున్న మనుషులు. మన ఊరి సరుకు రవాణా చరిత్రకు తొలి చిత్రం అదే. ఏడు వందల ఏళ్ళ కిందట ఒక గూడ్స్ బండి! శాసనంలో అధికారుల పేర్లున్నాయి. బండిని తోసినవాళ్ళకు బొమ్మలు దక్కాయి. ఆ బొమ్మను ఒకసారి చూసి, తర్వాత స్టేషన్‌కు నడవండి. మధ్యలో ఆరు శతాబ్దాలు జారిపోతాయి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో చేసిన యుద్ధం కూడా అందులోనే పడిపోతుంది. ఆ కథ మీ అందరికీ తెలిసినదే కనుక దాని మీద ఆగను.

ఇక రైలు.

బొంబాయి నుంచి ఠాణేకు మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న నడిచింది. నడిపినది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ, వాడుకలో జి.ఐ.పి. దక్షిణాన మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మద్రాసు రైల్వే కంపెనీ 1856 జులై 1న రైలు నడిపింది. ఒక కంపెనీ ఘాట్లు ఎక్కి, పూనా, సోలాపూర్, గుల్బర్గా మీదుగా దిగివచ్చింది. రెండోది అరక్కోణం, కడప, గుత్తి, ఆదోని మీదుగా ఎగబాకింది. 1871లో ఈ రెండూ కలుసుకున్నాయి. ఎక్కడ? ఇక్కడ, మన రాయచూరులో. బొంబాయి ఇక్కడికి సుమారు 440 మైళ్ళు, మద్రాసు సుమారు 350 మైళ్ళు. భారతదేశపు పడమటి తీరానికీ తూర్పు తీరానికీ దక్కనుమీదుగా రైలుముడి పడిన చోటు మన ప్లాట్‌ఫారమే. రోజూ ఆ ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతూ నిలబడే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు? నాకూ ఈ ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

ఎందుకు ఇక్కడే అన్నది పటం చూస్తే అర్థమవుతుంది. రాయచూరు అంతర్వేది నేల: పైన కృష్ణ, కింద తుంగభద్ర. బొంబాయి కంపెనీ కృష్ణ మీద వంతెన కట్టుకుని ఈ నేల మీద కాలుపెట్టాలి. మద్రాసు కంపెనీ తుంగభద్ర మీద వంతెన కట్టుకుని రావాలి. ఎవరి నది వారు దాటి, నడిమి నేల మీద చేయి కలిపారు. రెండింటికీ పట్టాల వెడల్పు ఒక్కటే కనుక పెట్టెలు మారవలసిన అవసరం లేదు. కానీ కంపెనీలు వేరు, లెక్కలు వేరు, సిబ్బంది వేరు. అందువల్ల ఈ స్టేషన్‌కు దాని పరిమాణానికి మించిన పని పడింది. గుమాస్తాలు, పాయింట్స్‌మన్లు, బొగ్గు వేసేవాళ్ళు, నీళ్ళు పట్టేవాళ్ళు, సరుకు దించి ఎక్కించేవాళ్ళు. మద్రాసు వైపు సిబ్బందితో తెలుగు, తమిళం వచ్చాయి. బొంబాయి వైపు నుంచి మరాఠీ, హిందుస్తానీ వచ్చాయి. ఊరిమాట కన్నడం. పాలనభాష నిజాం ఇలాకాలో మొదట పార్శీ, తర్వాత ఉర్దూ. మన పురపాలక సంచిక పలు భాషల్లో వెలువడడం ఈ కాలపు వింత అనుకునేవారికి, 1871 నాటి మన ప్లాట్‌ఫారం మీద ఎన్ని భాషలు వినబడి ఉంటాయో ఊహించమని నా మనవి.

ఇంకొక విశేషం. రైలు వచ్చేనాటికి ఈ ఊరు నిజాం ప్రభువుది. పట్టాలు మాత్రం ఆంగ్ల కంపెనీలవి. 1853లో, సైన్యం ఖర్చుల బాకీ కింద, నిజాం తన రాజ్యంలోని బేరారును, రాయచూరు అంతర్వేదిని ఆంగ్లేయుల స్వాధీనం చేశాడు. 1860లో అంతర్వేది తిరిగి నిజాంకు వచ్చింది. బేరారు, రాయచూరు రెండూ నల్లరేగడి పత్తి నేలలే అన్నది గమనించదగిన విషయం. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయినప్పుడు, దక్కను పత్తి మీద ఎంతటి ఆశ పెట్టుకున్నారో చెప్పనక్కరలేదు. ఆ యుద్ధం ముగిసిన ఆరేళ్ళకు మన ఊరికి రైలు వచ్చింది.

హైదరాబాదు రాజధాని అయినా దానికి రైలు మనకంటే ఆలస్యంగా, 1874లో వాడి నుంచి శాఖగా వెళ్ళింది. ఈ ఒక్క విషయంలో మనం రాజధానికి అన్నలం!

ఇక్కడ ఒక భాషా ముచ్చట చెప్పుకోవాలి. కన్నడంలో పత్తిని ‘హత్తి’ అంటారు. ‘ఎక్కి’ అనడానికీ ‘హత్తి’ అనే అంటారు. ‘రైలు హత్తి బందరు’ అంటే రైలెక్కి వచ్చారని. కొత్తలో ఒక పాత కన్నడ కాగితాన్ని తెలుగు చేస్తూ, ‘హత్తి వచ్చినవారు’ అన్నచోట ‘పత్తితో వచ్చినవారు’ అని రాసేశాను. మా కన్నడ సహోద్యోగి నవ్వి నవ్వి, చివరికి “తప్పు రాసినా నిజమే రాశావమ్మా” అన్నాడు. ఈ ఊరికి పత్తి రైలెక్కడానికి వచ్చింది. పత్తి కోసం మనుషులు రైలెక్కి వచ్చారు.

మా నాయనమ్మ అలా వచ్చినవారిలో ఒకరు. గద్వాల వైపు పల్లె. పొలం పనులు ముగిశాక, పత్తి దిగే కాలంలో ఇక్కడి జిన్నింగ్ మిల్లులో కూలికి వచ్చేది. పత్తి మిల్లు అనగానే బట్టలు నేసే మిల్లు అనుకుంటారు చాలామంది. మన ఊరి మిల్లుల పని వేరు. రైతు తెచ్చినది గింజతో ఉన్న పత్తి. జిన్ను యంత్రంలో తోలు చుట్టిన రోలర్లు దూదిని లాక్కుంటాయి, గింజ కిందకు రాలుతుంది. తెచ్చిన బరువులో మూడో వంతు దూది, మిగిలినదాదాపు గింజే. గింజ నూనెకు, పశువుల దాణాకు వెళ్తుంది. వదులుగా ఉన్న దూదిని రైలుకెత్తితే ఒక్క పెట్టెలో ఎంత పడుతుంది? అందుకని ప్రెస్సు. దూదిని తొక్కి, అణిచి, ఇనుపపట్టీలతో బిగించి బేలు కడతారు. ఇప్పటి బేలు 170 కిలోలు. అంటే పత్తి పొలం నుంచి మగ్గానికి వెళ్ళే దారిలో, ఒళ్ళు తగ్గించుకుని రైలెక్కే చోటు మన ఊరు. ఈ యంత్రాలకు పని కల్పించినది నేల, బతుకు కల్పించినది రైలు. స్టేషన్ చుట్టుపక్కల, రాజేంద్ర గంజ్ దారుల్లో పాత గోదాములు, రేకుల కప్పులు, ఇటుక చిమ్నీలు కనబడితే ఆ కథ వాటిదే. వేరుశనగ నూనె మిల్లులు, బియ్యం మిల్లులు ఆ తర్వాత వచ్చి పక్కన చేరాయి.

నాయనమ్మ ఆ రోజులను తలచుకున్నప్పుడు రెండే చెప్పేది. ఒకటి, పని ముగించి బయటికి వస్తే తల, కనుబొమ్మలు దూది పట్టి తెల్లబడి, ఇరవై ఏళ్ళ పడుచులు ముసలమ్మల్లా కనిపించేవారట. ఒకరినొకరు చూసి నవ్వుకునేవారట. రెండోది దగ్గు. ఆ దగ్గు ఆమెను చివరిదాకా వదలలేదు. పత్తి ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని గురించి వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆమెకు ఆ జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. ‘మిల్లు దగ్గు’ అని ఆమే పేరు పెట్టుకుంది. వారసత్వం అని గౌరవంగా పిలుస్తున్న ఈ కట్టడాల గోడల మధ్య ఇది కూడా ఉంది. దీన్ని పక్కనపెట్టి చిమ్నీల అందం గురించి మాత్రమే మాట్లాడడం నాకు చేతకాదు.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పీడించిన మహాక్షామంలో మన అంతర్వేది కూడా మాడింది. బొంబాయి వైపు నుంచి మద్రాసు రాజధానిలోని కరవు జిల్లాలకు ధాన్యం ఈ పట్టాల మీదే కదిలింది. ఆకలితో ఉన్న ఊళ్ళ పక్కనుంచి ధాన్యం బస్తాలతో రైళ్ళు సాగిపోవడం ఎలా ఉండేదో ఆలోచిస్తే మనసు కలత పడుతుంది. రైలు వల్ల ప్రాణాలు నిలిచాయన్నది నిజం. ధర ఎక్కువ పలికే చోటికి ధాన్యం తరలిపోయిందన్నదీ నిజం.

ఇప్పుడు రేపటి దారిలోకి వద్దాం. మనం ఉత్తరం వైపు బయలుదేరి కృష్ణ స్టేషన్‌లో దిగి, తిరుగు బండిలో వచ్చేస్తాం. పోవడానికి అరగంట, అటూ ఇటూ. పిల్లలకు కిటికీ పక్క చోటు ఇవ్వండి. యెరమరస్ దాటిన తర్వాత ఆకాశంలోకి చూడమనండి. 800 మెగావాట్ల యూనిట్లు రెండున్న యెరమరస్ విద్యుత్ కేంద్రం, ఇంకా ముందుకు వెళ్తే కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం. శక్తినగర్‌లో మొదటి యూనిట్ 1985లో నడిచింది. మొత్తం ఎనిమిది: 210 మెగావాట్లవి ఏడు, 250 మెగావాట్లది ఒకటి, కలిపితే 1,720. చాలా ఏళ్ళపాటు కర్ణాటక రాష్ట్రపు దీపాల్లో పెద్ద వాటా ఇక్కడినుంచే వెలిగింది.

ఈ కేంద్రాన్ని ఇక్కడ ఎందుకు పెట్టారు? మన జిల్లాలో బొగ్గు లేదు. నీరు కృష్ణది, బొగ్గు రైలుది. మళ్ళీ ఆ పాత దారే కారణం. ఒక బొగ్గు రైలుకు సాధారణంగా 58 పెట్టెలు. రమారమి 3,700 టన్నుల బొగ్గు. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే దానికి రోజుకు దాదాపు ఒక రైలు బొగ్గు కావాలి. ఆ రైళ్ళలో చాలా వరకు వచ్చేది సింగరేణి గనుల నుంచి, మహానది గనుల నుంచి. సింగరేణి అంటే కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి. బెంగళూరులో ఒక ఇంటి దీపం వెనుక ఖమ్మం, కరీంనగర్ సీమల గని కార్మికుడి చెమట ఉంది, మన ఊరి పక్కన బూడిద ఉంది. బూడిద గురించి కూడా చెప్పాలి. కొంత బూడిద సిమెంటులో కలుస్తుంది, ఇటుకలవుతుంది. కొంత గాలికి లేస్తుంది. శక్తినగర్ చుట్టుపక్కల కాపురముండేవారికి ఆ సంగతి నేను చెప్పేదేముంది? బట్టలు ఆరవేసిన తల్లులను అడిగితే చాలు.

చిమ్నీలు దాటగానే కృష్ణమ్మ. బండి వంతెన మీదికి ఎక్కినప్పుడు చప్పుడు మారుతుంది. మన పెద్దవాళ్ళు ఆ చప్పుడు వినగానే చేతిలో ఉన్న చిల్లర నాణెం నదిలోకి వేసి దండం పెట్టేవాళ్ళు. నాణెం వేయడం మీ ఇష్టం. ప్లాస్టిక్ సంచీలో పూలు మాత్రం వేయకండి, ఇది పురపాలక ఉద్యోగిగా నా మనవి. నది మీద 1871 నాటి రైలు రాకపోకలు మొదలైన ఎన్నో దశాబ్దాలకు గాని, నిజాం కాలపు చివరి రోజుల్లో గాని, దేవసుగూరు దగ్గర రోడ్డు వంతెన రాలేదు. అంతదాకా ఏరు నిండితే బండ్లు, మనుషులు పుట్టీల మీద దాటవలసిందే. రైలు ఒక్కటే ఏరు నిండినా ఆగనిది.

వంతెన దిగితే కృష్ణ స్టేషన్. అది తెలంగాణలోని నారాయణపేట జిల్లా. ఇంకా ముందుకు పోతే మళ్ళీ కర్ణాటకలోని యాదగిరి జిల్లా. పట్టాలకు ఈ గీతలు తెలియవు. ఆ గీతలు గీసినది 1956 నవంబరు 1న. అంతవరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి వచ్చింది. అదే రోజున మన జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్ళాయి. మా నాయనమ్మ పుట్టినప్పుడు ఆమెది రాయచూరు జిల్లాయే. ఆమె కూలికి వచ్చినప్పుడు జిల్లా హద్దు కూడా దాటలేదు. తర్వాత అదే దారిలో మా నాన్న వచ్చేసరికి ‘పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాడు’ అయ్యాడు. మనిషి కదలలేదు, గీత కదిలింది. మనలో కొందరిని వలసవాళ్ళంటారు. ఆ మాట అన్నవారి మీద నాకు కోపం లేదు. గద్వాల పాత కాగితాలు చూడమని మాత్రం చెబుతాను.

గీతను రైలు మళ్ళీ కుట్టింది. గద్వాల నుంచి రాయచూరుకు కొత్త రైలుమార్గం 2013లో ప్రారంభమైంది. మహబూబ్‌నగర్–మునీరాబాద్ మార్గాన్ని 1997–98లో మంజూరు చేశారు. అందులో దేవరకద్ర నుంచి మరికల్, జక్లేర్, మక్తల్ మీదుగా కృష్ణ దాకా పని పూర్తయి, 2023 అక్టోబరు 1న కాచిగూడ–రాయచూరు రైలు నడిచింది. పాతికేళ్ళు! మంజూరైనప్పుడు పుట్టిన బిడ్డ, రైలు వచ్చేనాటికి పెళ్ళీడుకు వచ్చింది. ఇదే మార్గపు పడమటి కొస నుంచి సింధనూరు వరకు 2024 మార్చిలో రైలు వచ్చింది. తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు, మాన్వి తాలూకాల్లో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న క్యాంపులు మీకు తెలుసు. వారి వరి, వారి బియ్యం మిల్లులు ఇంతకాలం లారీల మీదే ఆధారపడ్డాయి. సింధనూరుకూ మనకూ మధ్య మిగిలిన ముక్క కలిస్తే ఆ కథ మరో మలుపు తిరుగుతుంది.

రేపు మనం కృష్ణ దగ్గరే ఆగిపోతున్నా, ఓపిక, సెలవు ఉన్నవారు ఎప్పుడైనా అదే దారిలో ముందుకు వెళ్ళి చూడాలి. యాదగిరి జిల్లాలో కడేచూరు వైపు రైలు పెట్టెల కింద ఉండే బోగీ చట్రాలను తయారుచేసే కర్మాగారం ఉంది. ఆ తర్వాత వాడి, సిమెంటు ఊరు. ఆ తర్వాత షాహాబాద్. షాబాదు బండలు పరవని పాత ఇల్లు తెలుగునాట ఎక్కడైనా ఉందా? వేసవి మధ్యాహ్నం చాప కూడా వేయకుండా చల్లని ఆ బండ మీద పడుకున్న పిల్లలమే మనమంతా. ఆ బండ సున్నపురాయి. అదే రాయిని కాల్చి, పొడిచేస్తే సిమెంటు. షాహాబాద్ సిమెంటు కంపెనీ 1936లో మరికొన్ని కంపెనీలతో కలిసి ఏ.సి.సి. అయింది. నేల మీద పరిచినదీ గోడకు పూసినదీ ఒకే రాయి, ఒకే రైలు మీద వచ్చింది. దాని తర్వాత గుల్బర్గాలో మహబూబ్ షాహీ మిల్లు. ఆరో నిజాం పేరు పెట్టుకున్న ఆ బట్టల మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి మూతపడింది.

ఇంకా పైకి పోతే సోలాపూర్. అక్కడ పెద్ద బట్టల మిల్లు 1877లో ప్రారంభమైంది. తెలంగాణ పద్మశాలీలు ఆ ఊరికి తరాల తరబడి వెళ్ళి మగ్గాల దగ్గర నిలబడ్డారు. ఇప్పటికీ అక్కడ తెలుగు వినబడే పేటలున్నాయి. చివరికి బొంబాయి. అక్కడి కామాఠిపురకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. రైలు రాకముందే మొదలైన ఆ వలసకు రైలు దారి తేలిక చేసింది. పాలమూరు కూలీలు కరవు వచ్చిన ప్రతిసారీ బొంబాయికి, పూనాకు ఈ లైను మీదే వెళ్ళారు. రాత్రిపూట మన స్టేషన్‌లో జనరల్ పెట్టె ఆగే చోట, పలుగు, పార, స్టవ్వు, చుట్టిన దుప్పటి పట్టుకుని నిలబడిన కుటుంబాలను మీరు చూసే ఉంటారు. కొందరు మీలోనే ఉన్నారు.

దక్షిణం వైపు గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. తుంగభద్ర దాటితే మంత్రాలయం రోడ్డు, తర్వాత పత్తికి పేరుపడ్డ ఆదోని, ఆపైన రైల్వేయే ఊరైన గుంతకల్లు. మన స్టేషన్ చాలాకాలం గుంతకల్లు డివిజన్ కిందే నడిచింది. ఆ వైపు ప్రయాణాన్ని మరో ఆదివారానికి పెట్టుకుందాం.

ఇక ఆ వృద్ధుడి ప్రశ్న. కట్టడాలను కాపాడాలని అందరం అంటాం. అన్నీ కాపాడలేం. కూలడానికి సిద్ధంగా ఉన్న రేకుల షెడ్డును పిల్లల తలల మీద నిలబెట్టి ఉంచమని నేను అడగను. స్థలం ధర పెరిగిన చోట పాత గోదాము పోతుంది, అంగళ్ళు వస్తాయి. అయితే గోదాము పోయాక అందులో ఎవరు పనిచేశారో చెప్పే కాగితం ఒక్కటైనా ఉండాలి కదా. కంపెనీల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కట్టిన ఇంజనీర్ల లెక్కలు ఉన్నాయి. హమాలీల పేర్లు, జిన్నింగ్ మిల్లు ఆడవాళ్ళ పేర్లు, గ్యాంగ్‌మన్ల పేర్లు వాళ్ళ పిల్లల నోళ్ళలో మాత్రమే ఉన్నాయి. కోటగోడ మీద బొమ్మలో ఉన్నవాళ్ళలాగే.

అందుకని మా కార్యాలయంలో ఒక చిట్టా తెరవడానికి పెద్దల అనుమతి తీసుకున్నాను. పెద్ద పథకమేమీ కాదు, రెండు వందల పుటల నోటుపుస్తకం. మీ ఇంట్లో రైల్వేలో, గూడ్స్ షెడ్డులో, గంజ్‌లో, మిల్లులో, విద్యుత్ కేంద్రం కట్టడంలో పనిచేసినవారు ఉంటే వచ్చి పేరు, ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ పని అన్నది చెప్పండి. తెలుగులో చెప్పండి, కన్నడంలో చెప్పండి, ఉర్దూలో చెప్పండి, రాసుకునే బాధ్యత మాది. కాగితాలు అక్కరలేదు. మరణ ధ్రువపత్రం అసలే అక్కరలేదు. సంవత్సరం గుర్తులేకపోతే ‘ఆ పెద్దవాన కురిసిన ఏడు’ అన్నా రాసుకుంటాం. పాత గుర్తింపు బిళ్ళ, జీతం చీటీ, బేళ్ళకు వేసే కొక్కెం వంటి వస్తువులుంటే ఫోటో తీసుకుని మీ వస్తువు మీకే ఇచ్చేస్తాం.

మొదటి పుటలో ఒక పేరు ఇప్పటికే చేరింది. మక్తల్ తాత గత వారం మళ్ళీ వచ్చి రాయించుకున్నాడు. తన ఒక్కడి పేరే కాదు, తనతోపాటు మోసిన పదకొండు మంది పేర్లు గుక్కతిప్పకుండా చెప్పాడు. పన్నెండో పేరు దగ్గర ఆగిపోయాడు. “వాని అసలు పేరు ఎవలకు ఎరుక, అందరం పొట్టోడు అనేటోళ్ళం” అన్నాడు. పొట్టోడు అనే రాశాను. ఎవరికైనా ఆయన అసలు పేరు తెలిస్తే చెప్పగలరు.

రేపటి సంగతులు: ఉదయం టిక్కెట్టు కిటికీ దగ్గర కలుద్దాం, బండి వేళకు అరగంట ముందు. టిక్కెట్టు ఎవరిది వారే తీసుకోవాలి, పోను రాను రెండూ. నీళ్ళ సీసా, మధ్యాహ్నానికి రొట్టెలు తెచ్చుకోండి. వంతెన మీద తలుపు దగ్గర నిలబడవద్దు. ఫోటోల కోసం పట్టాల మీదికి దిగవద్దు. తాత వస్తానన్నాడు. ఆయన గూడ్స్ షెడ్డు వైపు నడిపించి ఏ బేళ్ళు ఎక్కడ పేర్చేవారో చూపిస్తానన్నాడు గనుక, కోట దగ్గర ఆలస్యం చేయకుండా నేరుగా స్టేషన్‌కు రండి. కోట తిరిగి వచ్చాక చూద్దాం.